తలుపు బయట తల్లిదండ్రులు: పసిబిడ్డ తొలి జబ్బు, మన ఆసుపత్రులు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద, ఆయన పుట్టిన గోదావరి సీమలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ గౌరవం నాది కాదు, చిన్నపిల్లల వైద్యానిదని భావిస్తున్నాను.

సుబ్బారావు గారి కృషిని తలుచుకునేటప్పుడు చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. కండరాల శక్తి గురించి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద చేసిన పని, ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్, ఆయన నాయకత్వంలో లేడర్లీ ప్రయోగశాలల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్. పిల్లల వైద్యులకు వీటన్నిటికంటే ముందు గుర్తొచ్చేది అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో రక్తకేన్సర్ వచ్చిన పిల్లలకు ఆ మందు ఇచ్చి చూశారు. అప్పటిదాకా ఆ జబ్బుకు మందన్నదే లేదు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన జీవితంలో అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆయన 1922లో బోస్టన్ చేరారు. ఆ తరువాత ఇక్కడ, మన దేశంలో, ఆయనకు కొడుకు పుట్టాడు. పసితనంలోనే ఇన్ఫెక్షన్ సోకి ఆ బిడ్డ పోయాడు. తండ్రి ఆ బిడ్డను కళ్లారా చూడనేలేదు. తరువాతి రోజుల్లో ఎందరి పిల్లలనో కాపాడిన మందుల వెనక నిలిచిన మనిషి, సొంత బిడ్డ జబ్బును సముద్రాల అవతలి నుంచి ఉత్తరం ద్వారా తెలుసుకోవలసి వచ్చిన కాలమది. వైద్య చరిత్ర గ్రంథాలు ఆ తండ్రి గురించి ఎంతో చెబుతాయి. జబ్బు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ తల్లి గురించి దాదాపు ఏమీ చెప్పవు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది అలాంటి తల్లుల గురించి, దూరాన ఉండిపోయిన తండ్రుల గురించి.

నా ప్రతిపాదన ఒక్కటే. పసిబిడ్డకు మొదటిసారి పెద్ద జబ్బు చేసినప్పుడు ఆ తల్లీతండ్రీ వైద్యంలో భాగస్వాములు. చూసిపోవడానికి వచ్చినవాళ్లు కారు. ఇది జాలితో అంటున్న మాట కాదు. వైద్యం వాళ్లను బయటికి నెట్టినప్పుడల్లా పిల్లలు నష్టపోయారు, లోపలికి రానిచ్చినప్పుడల్లా బాగుపడ్డారు. నూరేళ్ల పైబడిన చరిత్ర ఈ సంగతిని మళ్లీ మళ్లీ చెప్పింది. మనం మళ్లీ మళ్లీ మరిచిపోయాం.

ముందుగా ఒక రాత్రి ఎలా గడుస్తుందో చెప్పనివ్వండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసినది. ఇరవై ఏళ్లు దాటీ దాటని అమ్మాయి, తొలి కాన్పు, పుట్టింటికి వచ్చింది. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బిడ్డకు ఆరో రోజు. పొద్దుటి నుంచి పాలు సరిగా పట్టడం లేదు. మధ్యాహ్నానికి ఏడుపు సన్నగిల్లింది. "పిల్లలన్నాక అంతే, కడుపు ఉబ్బరం అయ్యుంటుంది" అని పెద్దవాళ్లు వాము నీళ్లు పట్టారు, దిష్టి తీశారు. ఆ అమ్మాయికి మాత్రం మనసు ఒప్పలేదు. చీకటి పడే వేళకి బిడ్డ మూలగడం మొదలైంది. ఆశా కార్యకర్త వచ్చి చూసి 108కి ఫోన్ చేసింది. జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం దాకా బిడ్డ తల్లి చేతుల్లోనే వచ్చాడు. అక్కడ ఒక నర్సు బిడ్డను అందుకుంది. తలుపు మూసుకుంది. ఆ తరువాత ఆ అమ్మాయి వరండాలో, దుప్పటి పరుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చోవాలన్నా లేవాలన్నా పొత్తికడుపు పట్టుకోవాలి.

భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. రాత్రి బస్సెక్కి తెల్లవారాక దిగాడు. తలుపు దగ్గర ఆపారు. చేతికి చీటీలు ఇచ్చారు. ఇది రక్తపరీక్షకు, ఇది బయట తేవలసిన మందుకు, ఇక్కడ సంతకం. సంతకం పెట్టాడు. దేనికి పెట్టాడో తెలియదు. మామగారు "ఏమన్నారు బాబూ?" అని అడిగితే "సీరియస్ అన్నారు" అని మాత్రం చెప్పగలిగాడు. బిడ్డకు వచ్చింది రక్తంలో ఇన్ఫెక్షన్ అని, వారం పది రోజులు ఇంజెక్షన్లు పడాలని, ఇలాంటి పిల్లల్లో చాలామంది కోలుకుంటారని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పి ఉంటే పట్టే సమయం పది నిమిషాలు.

ఆ వరండాలో కూర్చున్న ఇద్దరి మనసులోనూ రోగం పేరు తెలియక ముందే రెండు ప్రశ్నలు ఉంటాయి. బిడ్డ బతుకుతాడా? ఇందులో నా తప్పేమన్నా ఉందా? మొదటిదానికి మేము ఎంతో కొంత జవాబు చెబుతాం. రెండోదాన్ని అసలు వినం. ఇంట్లో వాళ్లు మాత్రం ఆ రెండో ప్రశ్ననే పదే పదే గుచ్చుతారు. పథ్యం తప్పావా, చల్లటి నీళ్లు తాగావా, పురుడు వెళ్లకుండా బిడ్డను వాకిట్లోకి తెచ్చావా? ఇక ఆసుపత్రిలో మా మొదటి మాట ఏమిటి? "ఇంతసేపూ ఏం చేశారు? ఇప్పుడా తీసుకొచ్చేది?" ఇంట్లో పడిన నిందనే తెల్లకోటు వేసుకుని మేమూ వేస్తున్నాం. ఆ మాట విన్న తల్లి, రెండోసారి బిడ్డకు ఒంట్లో బాగోకపోతే మా దగ్గరికి తొందరగా వస్తుందా? ఆలస్యం చేస్తుందని నా నమ్మకం. తిట్లు తింటామన్న భయంతో ఆగిపోయిన వాళ్లను నేను చాలామందినే చూశాను.

మన సమాజం పసిపిల్లల జబ్బుతో చాలాకాలం ఎలా బతికిందో ఇక్కడ కొంచెం చూడాలి. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే తరువాతి బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని, ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు మన పూర్వీకులు. చావు కంటికి ఆనకుండా బిడ్డను విలువలేని వస్తువుగా చూపించే ప్రయత్నమది. మశూచి వస్తే అమ్మవారు పోసిందన్నారు, గుమ్మానికి వేపమండలు కట్టారు. ఈ ఆచారాలను మూఢనమ్మకాలని కొట్టిపారేయడం సులువు. వీటిలో ఒక క్రమం ఉంది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లికి, తండ్రికి, అమ్మమ్మకు, ఇరుగుపొరుగుకు తలా ఒక పని ఉండేది. పని ఉన్నంతసేపు మనిషి కూలిపోడు. వైద్యం ఆ పనుల్లో చాలా భాగాన్ని సహేతుకంగానే తీసేసింది. దాని స్థానంలో మరో పని ఇవ్వడం మరిచిపోయింది.

పాత వైద్యం కూడా అంతా మంత్రతంత్రాలు కాదు. సుశ్రుతుడు తొమ్మిది బాలగ్రహాలను వర్ణించాడు, నిజమే. కానీ కౌమారభృత్యం మీద మనకు మిగిలిన ప్రధాన గ్రంథం కాశ్యపసంహితలో వేదనాధ్యాయం అని ఒకటి ఉంది. మాట రాని బిడ్డకు నొప్పి ఎక్కడుందో చేష్టల్ని బట్టి ఎలా కనిపెట్టాలో చెప్పే అధ్యాయం అది. తలనొప్పి ఉన్న బిడ్డ తల అటూ ఇటూ తిప్పుతాడనీ, చెవిపోటు ఉన్న బిడ్డ చేతులతో చెవులు తడుముకుంటాడనీ అందులో ఉంది. ఇవి బిడ్డను ఎడతెగకుండా చూస్తూ ఉన్నవాళ్లకే తెలిసే సంగతులు. తల్లి, దాది చూసినదాన్ని వైద్యుడు శాస్త్రంగా రాసుకున్నాడని నేను ఆ అధ్యాయాన్ని చదువుకుంటాను.

దీనికి ఎదురుగా పెట్టి చూడవలసిన మరో ఘట్టం ఉంది. 1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డకు గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కదలకుండా ఉండే మందు ఇచ్చారు, నొప్పి తెలియకుండా ఉండే మందు ఇవ్వలేదు. పసికందులకు నొప్పి అంతగా తెలియదన్నది అప్పట్లో చాలామంది వైద్యుల నమ్మకం. బిడ్డ పోయిన తరువాత తల్లి ఆసుపత్రి కాగితాలు చదివి ఈ సంగతి తెలుసుకుంది. అడిగింది, రాసింది, ఊరుకోలేదు. అదే రోజుల్లో మన దేశంలో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆపరేషన్‌లో సరైన మత్తుమందు పడిన శిశువులు మరింత బాగా కోలుకుంటారని 1987లో నిరూపించారు. ఆ ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన విధానం మార్చుకుంది. ఆనంద్ పరిశోధన గొప్పది. అయితే దాన్ని జనం ప్రశ్నగా మార్చింది బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి. నొప్పి ఉందని తల్లులకు మొదటి నుంచీ తెలుసు. వాళ్లను అడిగినవాళ్లే లేరు.

ఆసుపత్రి తలుపు ఎలా మూసుకుందో చెప్పాలంటే పారిస్ వెళ్లాలి. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ పియర్ బుదెన్ నెలలు నిండని పిల్లలను ప్రత్యేక గదుల్లో, వెచ్చటి పెట్టెల్లో పెట్టి కాపాడేవారు. ఆయన అప్పుడే ఒక హెచ్చరిక చేశారు: బిడ్డకు దూరమైన తల్లి క్రమంగా బిడ్డ మీద ధ్యాస కోల్పోతుంది, కాబట్టి తల్లిని దగ్గర ఉంచాలి, తల్లిపాలే ఇవ్వాలి. పెట్టె ప్రపంచమంతా పాకింది, హెచ్చరిక పాకలేదు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ ప్రదర్శనశాలల్లో మార్టిన్ కూనీ అనే ఆయన 1903 నుంచి 1943 వరకు ఇంక్యుబేటర్లలో పిల్లలను పెట్టి, టికెట్ కొన్నవారికి అద్దం వెనక నుంచి చూపించాడు. ఆ డబ్బుతోనే ఆ పిల్లలకు ఉచితంగా వైద్యం జరిగింది, ఎందరో బతికారు కూడా. అద్దానికి అవతల బిడ్డ, ఇవతల జనం అనే అమరిక అలా అలవాటైపోయింది.

ఇంగ్లండులో ఇంకా కఠినం. 1940ల చివరి నాటికి కూడా లండన్ పెద్ద ఆసుపత్రుల్లో చాలావాటిలో తల్లిదండ్రులకు వారానికి ఒకటి రెండు గంటలే అనుమతి. సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటి నెలంతా కలవనిచ్చేవారు కాదు. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య నిద్రపోతున్న బిడ్డను మాత్రం చూసి వెళ్లవచ్చు. అమ్మ వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తున్నారు, రాకపోతే ఏడవడం లేదు, కాబట్టి రాకపోవడమే మంచిదన్నది నిర్వాహకుల వాదన. ఏడుపు ఆగిన పిల్లవాడు ఊరడిల్లాడనుకున్నారు. ఆశ వదులుకున్నాడని జేమ్స్ రాబర్ట్‌సన్ చెప్పారు. ఆయన డాక్టరు కాదు. మనోవైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర పనిచేసిన సామాజిక కార్యకర్త. చెబితే ఎవరూ నమ్మకపోయేసరికి 1952లో సినిమా తీసి చూపించారు. రెండేళ్ల పాప ఆసుపత్రిలో ఎనిమిది రోజులు అమ్మ లేకుండా గడపడమే ఆ సినిమా. చూసిన డాక్టర్లలో చాలామందికి కోపం వచ్చింది. మా వృత్తిని అవమానించారన్నారు. ఏడేళ్లకు, 1959లో, ప్లాట్ కమిటీ నివేదిక పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని చెప్పింది. అది అమలు కావడానికి తల్లులు సంఘం పెట్టుకుని ఇంకా ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ 1920లలోనే జబ్బు బిడ్డతో పాటు తల్లిని కూడా ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పాలివ్వడం, కడగడం, రాత్రి కనిపెట్టుకుని ఉండటం తల్లే చేసేది. ఆయన చేసిన పని కళ్ల ఎదుట ఉండగానే మిగతా దేశం మూడు దశాబ్దాలు దాన్ని పట్టించుకోలేదు. వైద్యంలో మంచి పద్ధతి రుజువైనంత మాత్రాన వ్యాపించదు. ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

మన దేశం కథ వేరే దారిలో నడిచింది. నా ఉపన్యాసంలో ముఖ్యమైన మాట ఇదే కనుక కొంత ఆగి చెబుతాను. మన ప్రభుత్వాసుపత్రుల్లో తల్లిని, బంధువులను చాలాకాలం బయట పెట్టలేదు. పెట్టే స్తోమత లేదు కనుక పెట్టలేదు. సిబ్బంది చాలరు. స్ట్రెచర్ తోసేది తండ్రి, రక్తం సీసా పట్టుకెళ్లేది మేనమామ, సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది అమ్మమ్మ. వాళ్ల కాయకష్టాన్ని పూర్తిగా వాడుకున్నాం. కానీ వాళ్లకు ఏమీ చెప్పలేదు. వాళ్లు చూసినదాన్ని అడగలేదు. బ్రిటిష్ తల్లి గేటు బయట ఉండేది, మన తల్లి మంచం పక్కనే ఉండేది. తెలియవలసినది తెలియకుండా ఉండటంలో ఇద్దరూ ఒకటే. ఆ తరువాత జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశు విభాగాలు వచ్చాయి. వాటివల్ల వేల ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. కానీ వార్మర్లతో, ఫోటోథెరపీ దీపాలతో పాటు ఆ మూసిన తలుపు కూడా వచ్చింది. ఇంగ్లండు వదులుకున్నదాన్ని మనం కొత్తగా తెచ్చుకున్నాం.

ఇందులో విషాదం ఏమిటంటే, తల్లిదండ్రుల చేతుల్లో వైద్యం పెడితే ఏం జరుగుతుందో ప్రపంచానికి చూపించింది మన ఉపఖండమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో శరణార్థులు బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌కు వచ్చిపడ్డారు. కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కనున్న అమ్మలకు, అన్నలకు గ్లాసులిచ్చి తాగించమన్నారు. అప్పటిదాకా ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆ శిబిరంలో 3.6 శాతానికి పడిపోయాయి. ఆ రోజున నర్సులు చేయవలసిన పని కుటుంబాలు చేశాయి, బాగా చేశాయి.

మన పొరుగునే ఉన్న గడ్చిరోలి సంగతి తెలంగాణవారికి దగ్గరిది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడ పల్లెటూరి మహిళలకు శిక్షణ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి శిశువును తూచడం, ఒళ్లు చల్లబడిందా చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టి మందివ్వడం, తల్లికి అన్నీ చెప్పడం. నవజాత శిశు మరణాలు అరవై శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. నేడు మన ఆశా కార్యకర్తలు కాన్పు తరువాత మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఇంటికి రావడానికి మూలం అక్కడుంది.

2008లో ఆరు దేశాల పరిశోధకులు రెండు నెలల లోపు పిల్లల్లో తీవ్రమైన జబ్బును ముందే పసిగట్టే గుర్తులేమిటో వెతికారు. ఏడు తేలాయి. పాలు సరిగా పట్టకపోవడం, ఫిట్స్, కదిలిస్తేనే కదలడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీయడం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు బాగా లోపలికి పోవడం, జ్వరం, ఒళ్లు చల్లబడటం. మొదటి రెండూ తల్లి నోటి నుంచి వినవలసినవి. విద్యార్థులు గమనించాలి: "పాలు పట్టడం లేదండీ" అని తల్లి చెప్పే మాటకు ఏ రక్తపరీక్షకూ తీసిపోని విలువ ఉంది. ఇందాక చెప్పిన అమ్మాయి ఆ మాట పొద్దున్నే అంది. వినేవాళ్లు లేక రాత్రయింది.

నెలలు నిండని పిల్లల విషయంలో నిదర్శనం ఇంకా బలమైనది. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి పిల్లలను పెట్టవలసి వచ్చి, ఇన్ఫెక్షన్లు పెరిగిపోతుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు పిల్లలను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనేలా కట్టమన్నారు. గత్యంతరం లేక మొదలైన ఆ పద్ధతి కంగారూ సంరక్షణ పేరుతో నిలిచింది. అయితే బిడ్డ కొంత కుదుటపడిన తరువాతే తల్లికి ఇవ్వాలన్నది నిన్నమొన్నటి నియమం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు ఆసుపత్రులు కలిసి ఆ నియమాన్ని పరీక్షించాయి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న మూడు వేల పైచిలుకు పిల్లల్లో కొందరిని పుట్టిన వెంటనే, ఇంకా జబ్బుగా ఉన్నప్పుడే, తల్లితో కలిపి ఉంచారు. మొదటి 28 రోజుల్లో మరణాలు మామూలు పద్ధతిలో 15.7 శాతం, తల్లి దగ్గర ఉంచితే 12 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను ముందుగానే ఆపేశారు. 2021లో ఇది ప్రచురితమైంది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలను మార్చుకుంది.

కాబట్టి ఇన్ఫెక్షన్ వస్తుంది, తలుపు తీయలేం అని నా తోటి వైద్యులు అనే మాటను నేను గౌరవంతోనే తోసిపుచ్చుతున్నాను. తల్లి దగ్గరున్న పిల్లల్లోనే ఇన్ఫెక్షన్ అనుమానించిన సందర్భాలు తగ్గాయి. చేతులు కడుక్కోవడం నేర్పితే తల్లి మనకంటే జాగ్రత్తగా కడుక్కుంటుంది. ఆమె చూడవలసింది ఒక్క బిడ్డను, మనం చూసేది ఇరవై మందిని. బంధువులు గుంపుగా వస్తారన్న భయం ఉంది. ఆసుపత్రుల్లో డాక్టర్ల మీద దాడులు జరుగుతున్న రోజులివి, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దాడికి దారితీసే కోపం ఎక్కడ పుడుతుంది? మూడు రోజులు "సీరియస్" అన్న ఒక్క మాట తప్ప ఏమీ వినకుండా, నాలుగో రోజు బిడ్డ పోయాడని విన్నచోట. రోజూ బిడ్డను తాకి, రోజూ డాక్టరుతో మాట్లాడిన తండ్రి చేయి ఎత్తడం నేను చూడలేదు.

తలుపు తీయాలని ప్రభుత్వమూ చెప్పింది. శిశు విభాగాల్లో కుటుంబ భాగస్వామ్యం మీద కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రులకు దశలవారీగా నేర్పాలనీ, శిక్షణ పొందిన వాళ్లను లోపలికి రానివ్వాలనీ వాటి సారం. నేర్పితే ఏం నేర్చుకుంటారో నేను చూశాను. పిండిన పాలను ఉగ్గుగిన్నెతో బిడ్డకు పట్టడం రెండు పూటల్లో వచ్చేస్తుంది. గిన్నె అంచు కింది పెదవికి ఆనించాలి, పాలు గుమ్మరించకూడదు, బిడ్డ నాలుకతో అందుకునే దాకా ఆగాలి. మోటు పనులకు అలవాటైన తండ్రి చేతులు మొదటిసారి వణుకుతాయి. రెండో పూటకి బిడ్డ మింగే లయను ఆ చేతులు పట్టేస్తాయి. మన అమ్మమ్మలు వాడిన ఆ గిన్నెనే నేడు శిశు విభాగాల్లో మరిగించి వాడుతున్నాం.

ఇక తండ్రి. పురిటికి పుట్టింటికి పంపే మన ఆచారంలో తల్లికి గొప్ప ఆసరా ఉంది. అదే ఆచారం తండ్రిని తొలి నెలల్లో చుట్టాన్ని చేస్తుంది. బిడ్డకు జబ్బు చేస్తే ఆయన డబ్బుకు, సంతకానికి, పరుగులకు పనికొస్తాడు. ఏడవడానికి చోటు లేదు, ఏడిస్తే మగవాడివి నువ్వే ఇలా అయితే ఎలా అంటారు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగు జంటకు దీనికి తలకిందులైన కష్టం. అక్కడ ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది, తండ్రి బిడ్డ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. కానీ ఇంటికి వస్తే అన్నం వండిపెట్టే మనిషి లేదు, అమ్మమ్మ ఫోన్ తెరలో మాత్రమే ఉంది. తెరిచిన తలుపూ, చుట్టూ మనుషులూ రెండూ ఒకేచోట దొరకగల అవకాశం ఇక్కడ మనకే ఉంది.

తొలి జబ్బే చివరి జబ్బయిన పిల్లల గురించి మాట్లాడకపోతే ఈ ఉపన్యాసం నిజాయితీగా ఉండదు. దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయేవారు 1971లో 129 మంది. 2020 నాటికి 28. ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. దేశం మొత్తం మీద ఆ 28 మందిలో 20 మంది మొదటి నెలలోనే పోయారు. బిడ్డ పోయినప్పుడు మనం ఏం చేస్తున్నాం? గుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చి బండి ఎక్కిస్తున్నాం. "బాలింత, తట్టుకోలేదు, చెప్పొద్దు" అని పెద్దలంటే మేమూ సరేనంటున్నాం. పక్క వార్డులో ఆమె ఇంకా పాలు పిండి గిన్నెలో దాస్తూ ఉంటుంది. బిడ్డ పోయిన తరువాత కూడా పాలు వస్తాయనీ, రొమ్ములు గడ్డకడితే ఫలానా పని చేయాలనీ ఆమెకు చెప్పేవాళ్లు ఉండరు. బిడ్డను చివరిసారి ఒళ్లో పెట్టుకునే హక్కు ఆ తల్లిది. ఆమె వద్దంటే వేరు. ఆమె తరఫున మనం వద్దనకూడదు.

ప్రభుత్వాలను నేను అడిగేది మహా ఖరీదైనది కాదు. జననీ శిశు సురక్ష కింద ఏడాది లోపు జబ్బు పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, పరీక్షలు, రవాణా ఉచితం. మంచి పథకం. కానీ పది రోజులు పని మానుకున్న తండ్రి కూలి మాటేమిటి? కేంద్ర ప్రభుత్వంలోని పురుష ఉద్యోగికి బిడ్డ పుడితే పదిహేను రోజుల సెలవుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో ఉద్యోగం చేసే తల్లికి 2017 సవరణ చట్టం 26 వారాలిచ్చింది. సెంట్రింగ్ కూలికి, ఆయన భార్యకు ఈ చట్టాలేవీ వర్తించవు. బిడ్డ శిశు విభాగంలో ఉన్నన్ని రోజులూ తల్లిదండ్రుల్లో ఒకరికైనా కనీస వేతనం ఇవ్వాలి. పచ్చి కుట్లతో ఉన్న తల్లికి వరండా నేల కాకుండా విభాగం పక్కనే మంచం, భోజనం, మరుగుదొడ్డి ఉండాలి. ఈ రెండూ లేకుండా కుటుంబ భాగస్వామ్యం అని గోడ మీద రాసుకుంటే, పేదవాళ్ల ఒంటి మీద మరింత బరువు పెట్టినట్టవుతుంది.

ఇక్కడున్న విద్యార్థులను, వారి ఆచార్యులను ఇంకొకటి అడుగుతాను. శిశు విభాగం కేస్‌షీట్‌లో ఉష్ణోగ్రతకు గడి ఉంది, బరువుకు గడి ఉంది, ఇచ్చిన పాలకు గడి ఉంది. అదే కాగితం మీద రోజుకు రెండు గడులు చేర్చండి. మొదటిదాంట్లో తల్లిగానీ తండ్రిగానీ ఈ రోజు బిడ్డ గురించి ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే తెలుగులో రాయండి. రెండోదాంట్లో వాళ్లకు మీరు ఏం చెప్పారో, వాళ్లు తిరిగి ఏమడిగారో రాయండి. రౌండ్స్‌లో ఆచార్యులు రక్తపరీక్ష ఫలితంతో పాటు ఆ రెండు గడులూ చదివించాలి. ఖాళీగా ఉంటే, లేచి వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చి పూరించమనాలి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. విభాగాధిపతి ఒప్పుకుంటే రేపటి మార్నింగ్ రౌండ్స్ నుంచే మొదలుపెట్టవచ్చు.